తొమ్మిది అంగుళాల పిల్లర్‌లో రాడ్డుకి చోటు: బోడుప్పల్ ఇంటి జాయింట్ల డైరీ

డ్రాయింగుల దగ్గర

బోడుప్పల్‌లో కడుతున్న ఒక ఇంటికి స్ట్రక్చరల్ డిజైన్ నాది. కింద కార్లకి స్టిల్ట్, పైన మూడంతస్తులు. ఈ డైరీలో ఇల్లంతా రాయను. బీమ్ రాడ్డు పిల్లర్ లోపలికి వెళ్లాక దాన్ని అక్కడ ఏది పట్టుకుని ఉంచుతుంది, ఆ పట్టుని సైటులో నిజంగా ఎలా తెచ్చాం అన్నంతవరకే రాస్తాను. పుస్తకాల్లో దీన్ని యాంకరేజ్ అంటారు. సైటులో మాత్రం "ఎల్ ఎంత కొట్టాలి సార్?" అన్న ఒక్క ప్రశ్నగా వస్తుంది. ఎల్ అంటే రాడ్డు కొసని ఎల్ అక్షరంలా వంచడం.

హైదరాబాద్ భూకంప పటంలో రెండో జోన్‌లో ఉంది. కాంక్రీటు కట్టడాలు ఊగినా విరగకుండా ఉండేలా ఇనుము ఎలా అమర్చాలో చెప్పే ఐఎస్ 13920 నియమావళి, 2016 కూర్పు ప్రకారం, మూడు, నాలుగు, ఐదు జోన్లలో తప్పనిసరి. రెండో జోన్‌లో ఐచ్ఛికం. అందుకే మన దగ్గర చాలా ఇళ్లకి ఆ పుస్తకం బల్ల మీదకే రాదు. ఈ ఇంటికి తెస్తానని ఓనర్ గారితో మొదటే చెప్పాను. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. "తప్పనిసరి కానిది ఎందుకు?" అని అడిగారు. నేను చెప్పింది ఇది: 1993 సెప్టెంబర్ 30న మహారాష్ట్రలోని కిల్లారిలో భూకంపం వచ్చినప్పుడు ఆ ఊరు అప్పటి పటంలో అన్నిటికంటే తక్కువ ప్రమాదం ఉన్న మొదటి జోన్‌లో ఉంది. 2002లో ఆ జోన్‌నే తీసేసి రెండో దాంట్లో కలిపారు. 2001 జనవరి 26న భుజ్ దగ్గర భూమి కదిలితే 200 కిలోమీటర్లకి పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలాయి. వాటిలో చాలా వాటికి కింద పార్కింగే, గోడలు లేవు. మన ఇంటికీ కింద స్టిల్టే. ఇక 2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన కంపనం హైదరాబాద్‌లో కూడా తెలిసింది. ఇది విన్నాక మాస్టారు "సరే, దానికి ఏం మార్చాలో చూపించండి" అన్నారు.

మార్చాల్సిన మొదటిది పిల్లర్ సైజు.

ఆర్కిటెక్ట్ ప్లాన్‌లో పిల్లర్లన్నీ 230 × 450 మి.మీ., అంటే మనవాళ్లు చెప్పే తొమ్మిది, పద్దెనిమిది. గోడ తొమ్మిది అంగుళాలు కాబట్టి పిల్లర్ గోడలో కలిసిపోతుంది, గది మూలల్లో ఏమీ పొడుచుకు రాదు. ఈ ఊళ్లో ఇళ్ల ప్లాన్లలో ఎక్కువగా కనిపించే సైజు ఇదే. బీమ్‌లలో పైన మూడు 16 మి.మీ. రాడ్లు. కాంక్రీటు బలం గ్రేడు ఎం25, ఇనుము బలం గ్రేడు ఎఫ్ఈ 500డి.

ఐఎస్ 13920 చివరి పిల్లర్ దగ్గర బీమ్ రాడ్డుకి అడిగేది ఇది: పిల్లర్ లోపలి ముఖం నుంచి మొదలుపెట్టి, ఎల్‌డి పొడవు (రాడ్డు జారకుండా కాంక్రీటు దాన్ని పట్టుకోవడానికి కావలసిన పొడవు), దానికి రాడ్డు వ్యాసానికి పది రెట్లు కలిపి, 90 డిగ్రీల వంపు ఇచ్చే పట్టుని తీసేస్తే ఎంత మిగులుతుందో అంత రాడ్డు లోపల ఉండాలి. పై రాడ్లకీ ఇదే, కింది రాడ్లకీ ఇదే. భూకంపంలో బీమ్ కింది ముఖం కూడా లాగబడుతుంది కాబట్టి కింది రాడ్లని పిల్లర్‌లోకి కాస్త తోసి వదిలేస్తే కుదరదు. కాంక్రీటు కట్టడాల మామూలు నియమావళి ఐఎస్ 456 లెక్కలో ఎం25 కాంక్రీటుకి, 500 గ్రేడు ఇనుముకి ఎల్‌డి రాడ్డు వ్యాసానికి 48.5 రెట్లు. 16 రాడ్డుకి 777 మి.మీ. దానికి 160 కలిపి, వంపుకి ఎనిమిది వ్యాసాలు, అంటే 128 తీసేస్తే 809 మి.మీ. నేరు పొడవు కావాలి.

ఇప్పుడు తొమ్మిది అంగుళాల పిల్లర్‌లో ఉన్న చోటు చూద్దాం. 230లో కవర్ (ఇనుము బయట ఉండే కాంక్రీటు పొర) 40, రింగు 8, అవతలి ముఖంలో ఉన్న పిల్లర్ రాడ్డు 16 పోతే 166 మిగులుతుంది. వంపు తిరగడానికే 80 పోతుంది. ఇక అడ్డంగా నేరుగా ఉండేది 86 మి.మీ. మిగతా 723 అంతా వంపు తర్వాత కిందికి దిగే తోకే. ఆ తోక 450 లోతు బీమ్ దాటి, కింద పిల్లర్‌లోకి ఇంకో అడుగుకి పైగా దిగాలి.

పిల్లర్ పోశాక ఎల్ ఎటు పోతుంది

ఈ లెక్క కాగితం మీద పెట్టుకుని రాడ్ బెండింగ్ మేస్త్రి దగ్గరికి వెళ్లాను. పాలమూరు వైపు మనిషి, ముప్పై ఏళ్లుగా ఇదే పని. కాగితం ఒక్కసారి చూసి అడిగాడు: "సార్, పిల్లర్ ముందుగాల బీమ్ అడుగు దాకా పోస్తం గదా. పోసినంక ఈ ఎల్ కిందికి ఎట్ల పోతది?"

అసలు ప్రశ్న ఇదే. చాలా డ్రాయింగుల్లో ఇది కనపడదు. మన పని వరసలో పిల్లర్‌ని బీమ్ అడుగు మట్టం వరకు పోసి ఆపుతారు. తర్వాత సెంట్రింగ్, ఆపైన బీమ్ రాడ్లు, చివరికి బీమ్, స్లాబ్, జాయింటు (బీమ్, పిల్లర్ కలిసే చోటు) అన్నీ కలిపి పోస్తారు. బీమ్ రాడ్లు అమర్చే వేళకి కింద గట్టిపడ్డ కాంక్రీటు ఉంది. తోక దానికి తగిలి ఆగిపోతుంది. అప్పుడు ఏం చేస్తారని అడిగితే మేస్త్రి దాచకుండా చెప్పాడు: కొందరు తోక కోసేస్తారు, కొందరు పక్కకి తిప్పి బీమ్ మీద పడుకోబెడతారు, కొందరు కింది రాడ్డుకి అసలు ఎల్ కొట్టకుండా నేరుగా ఆపేస్తారు. డ్రాయింగులో పొడవు సరిగ్గానే రాసి ఉంటుంది. కట్టాక ఆ పొడవు ఎక్కడికి పోయిందో స్లాబ్ పోసిన మర్నాటి నుంచి ఎవరికీ కనిపించదు.

నాకు మేస్త్రి మాటతో ఒకటి తేటపడింది. పట్టు సమస్యని రాడ్డు కోసే చోట తీర్చలేం. పిల్లర్ వెడల్పు, రాడ్డు వ్యాసం, బీమ్ లోతు, కాంక్రీటు గ్రేడు, ఈ నాలుగింటినీ కలిపి తోక మొత్తం బీమ్ లోతులోనే ఇమిడేలా ముందే ఎంచుకోవాలి. అలా ఇమడని డ్రాయింగుని సైటు తనకి తోచినట్టు సవరించుకుంటుంది.

ఎక్కడ వంచాలి

సైజులు మార్చే ముందు కుర్రాళ్లందరికీ ఒక విషయం చూపించాలనిపించింది. ప్లింత్ మీద సుద్దముక్కతో చివరి జాయింటుని అసలు సైజులో గీశాను.

బీమ్ కిందికి వంగితే పై రాడ్లు పిల్లర్ నుంచి బయటికి లాగబడతాయి. 16 రాడ్డు ఒక్కటి ఈల్డ్ అయ్యేసరికి, అంటే తిరిగి రాకుండా సాగడం మొదలయ్యేసరికి, దాదాపు 10 టన్నులు లాగుతుంది. మూడు రాడ్లు 30 టన్నులు. ఆ లాగుడికి ఎదురు నిలిచేది జాయింటు లోపల ఒక మూల నుంచి ఎదురు మూలకి ఏటవాలుగా ఏర్పడే కాంక్రీటు దిమ్మె. దాని పై కొస పై రాడ్డు వంపు లోపలి వైపు ఆనుతుంది. కింది కొస బీమ్ కింది మూలలో, నొక్కుడు ఉన్న చోట ఆనుతుంది. బావి గిలక మీద తాడు తిరిగినట్టు రాడ్డు ఆ కాంక్రీటు చుట్టూ తిరిగి దాన్ని పట్టుకుంటుంది. అందుకే వంపు అవతలి ముఖానికి వీలైనంత దగ్గరగా, పిల్లర్ రాడ్లకి లోపల ఉండాలి. పై రాడ్డు తోక కిందికి, కింది రాడ్డు తోక పైకి తిరగాలి, అంటే రెండూ జాయింటు లోపలికే. వంపు పిల్లర్ మధ్యలో వచ్చిందంటే ఏటవాలు దిమ్మెకి ఆనుకునే చోటు దొరకదు, వంపు వెనక ఉన్న సగం పిల్లర్ ఆ పనిలో పాల్గొనదు. కింది రాడ్డు తోకని కిందికి, పిల్లర్‌లోకి వంచినా అంతే. పొడవు లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది, పట్టు మాత్రం ఉండదు.

జాయింటు లోపల ఈ ఏటవాలు దిమ్మె ఒకటి, రింగులు, పిల్లర్ రాడ్లు కాంక్రీటుతో కలిసి ఏర్పరిచే ట్రస్సు ఒకటి, ఇలా రెండు దారుల్లో బలం నడుస్తుందని 1970లలో న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయంలో థామస్ పౌలే, రాబర్ట్ పార్క్ వివరంగా చూపించారు. వాళ్ల దేశంలో భూకంపాలు తరచుగా వస్తాయి. అక్కడి నియమాలు పిల్లర్ వెడల్పు విషయంలో మనకంటే కఠినం.

నడిమి పిల్లర్ కథ వేరు. అక్కడ రాడ్డు ఆగదు, అటు నుంచి ఇటు నేరుగా పోతుంది. కాబట్టి పట్టు గురించి బెంగ లేదనుకుంటారు. నిజానికి అక్కడే ఎక్కువ ఇబ్బంది. భవనం ఒక పక్కకి ఊగినప్పుడు అదే రాడ్డుని ఒక వైపు బీమ్ లాగుతుంది, రెండో వైపు బీమ్ తోస్తుంది. రెండూ ఒకే దిక్కున, పిల్లర్ వెడల్పులోనే ఆ మొత్తం బలం కాంక్రీటుకి దిగిపోవాలి. తొమ్మిది అంగుళాల్లో 16 రాడ్డుకి ఇది చదరపు మిల్లీమీటరుకి 17 న్యూటన్లు దాటుతుంది. డిజైన్‌లో మనం వాడే విలువ ఎం30కి 2.4 మాత్రమే. నిజంగా రాడ్డు గరుకు, చుట్టూ రింగుల బిగింపు కలిసి అంతకంటే చాలా ఎక్కువే ఇస్తాయి, కానీ 17 ఇవ్వడం కష్టం. రాడ్డు జారుతుంది, ప్రతి ఊపుకీ ఇంకాస్త జారుతుంది, బీమ్ వదులవుతుంది. ఐఎస్ 13920 2016లో పిల్లర్ కనీస కొలత 300 మి.మీ. అని, దాంతోపాటు దానిగుండా వెళ్లే పెద్ద బీమ్ రాడ్డుకి 20 రెట్లు ఉండాలని చెప్పడానికి కారణం ఇదే.

ఈ 20 రెట్లు అన్నది చాలామంది 300 దగ్గరే మర్చిపోతారు. 300 పిల్లర్‌కి 16 రాడ్డు పెడితే 320 కావాలి, సరిపోదు.

సైజులు కుదిరిన రోజు

పట్టికలు వేసుకుంటూ కూర్చున్నాను. 350 × 450 పిల్లర్, ఎం30 కాంక్రీటు, 10 మి.మీ. రింగులు అనుకున్నాను. ఎం30కి ఎల్‌డి 45.3 రెట్లు.

350 దిశలో 16 రాడ్డుతో చూస్తే తోక ఇంకా బీమ్ అడుగు దాటి 216 మి.మీ. దిగుతోంది. అదే 12 రాడ్డుతో: కావలసిన నేరు పొడవు 568, అడ్డంగా 224 దొరుకుతుంది, తోక వంపుతో కలిపి 404. బీమ్ పై నుంచి కొలిస్తే 437 దగ్గర ఆగుతుంది. బీమ్ లోతు 450. ఇమిడింది!

450 దిశలో ఉన్నవి కార్ల మీదుగా పోయే పెద్ద బీమ్‌లు, 600 లోతు. అక్కడ 16 రాడ్డు తోక 566 దగ్గర ఆగుతోంది. అక్కడ 16 ఉండనిచ్చాం.

మూడు 16 రాడ్ల బదులు ఆరు 12 రాడ్లు వచ్చాయి. 230 బీమ్‌లో ఆరు రాడ్లు ఒకే వరసలో పెడితే మధ్య ఖాళీ 18 మి.మీ. మాత్రమే, కంకర దిగదు. రెండు వరసలు చేస్తే రెండో వరస తోక బీమ్ దాటుతుంది. కాబట్టి ఆ బీమ్‌లని 300 వెడల్పు చేశాను. గోడ కంటే రెండున్నర అంగుళాలకి పైగా బయటికి కనిపిస్తాయి.

జాయింటు షియర్, అంటే జాయింటుని అడ్డంగా కోసే బలం, కూడా చూశాను. ఆరు రాడ్లు అసలు బలం కంటే 25 శాతం ఎక్కువతో లాగినా 424 కిలోన్యూటన్లు. మూల పిల్లర్‌లో, రెండే బీమ్‌లు కలిసే చోట కూడా జాయింటు సామర్థ్యం 862. ఈ ఇంట్లో దానితో ఇబ్బంది లేదు.

మాస్టారిని ఒప్పించడం మాత్రం ఒక సాయంత్రం పని అయింది. పిల్లర్ గోడ కంటే 120 మి.మీ. లోపలికి వస్తుంది. పడకగదుల్లో ఆ మూలల్ని కప్‌బోర్డుల్లో కలిపేలా ఆర్కిటెక్ట్ ప్లాన్ సర్దింది. హాల్లో ఒక చోట మాత్రం ఎలా సర్దినా కనిపిస్తుంది. మాస్టారి భార్య ఆ మూల చూసి "అక్కడ దీపం స్టాండు పెట్టుకుంటాంలే, మీ లెక్క మీరు కానియ్యండి" అన్నారు. ఆ మాటకి నాకు నిజంగా ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే పిల్లర్ ఆ 120 మి.మీ. పెరగకపోతే ఈ డైరీలో మిగతాదంతా వృథా.

ఇనుము

మొదటి లోడు వచ్చింది. మిల్లు సర్టిఫికెట్‌తో పాటు ముక్కలు ల్యాబుకి పంపాను. ఒక లాటు ఈల్డ్ బలం చదరపు మిల్లీమీటరుకి 592 న్యూటన్లు, తెగే బలం 662 వచ్చింది. ఇనుప రాడ్ల ప్రమాణం ఐఎస్ 1786లో 500డి గ్రేడుకి తెగే బలం ఈల్డ్ కంటే కనీసం 10 శాతం ఎక్కువ ఉంటే చాలు కాబట్టి ఆ లెక్కలో పాసే. ఐఎస్ 13920 మాత్రం 15 శాతం అడుగుతుంది. ఇది 12 దగ్గర ఆగింది. సప్లయర్ "సర్టిఫికెట్ ఉంది కదా సార్" అన్నాడు. ఆ లాటుని స్లాబ్ రాడ్లకి మళ్లించి, బీమ్, పిల్లర్లకి వేరే లాటు తెప్పించాం. దాంట్లో నిష్పత్తి, సాగుడు రెండూ సరిపోయాయి.

దీనికీ జాయింటుకీ సంబంధం ఉంది. రాడ్డు మనం అనుకున్న దానికంటే మరీ బలంగా ఉంటే అది సాగడం ఆలస్యమవుతుంది, ఈలోగా పిల్లర్‌ని, వంపుని అనుకున్నదానికంటే గట్టిగా లాగుతుంది. అందుకే నియమావళి ఈల్డ్ 20 శాతం మించి పెరగకూడదని కూడా అంటుంది. ఇనుము ఎంత గట్టిదైతే అంత మంచిదని సైటులో అందరూ నమ్ముతారు. జాయింటు విషయంలో ఆ నమ్మకం పనిచేయదు.

నమూనా

అసలు పిల్లర్ల మీద చేసే ముందు నేల మీద ఒక జాయింటు కట్టి చూద్దామని మేస్త్రిని అడిగాను. "అయితే రాడ్లు నేను కోస్త, మీరు దగ్గరుండి చూడుండ్రి" అన్నాడు. సైటు వెనక నీడలో ప్లై చెక్కలతో పిల్లర్ మొదలు, మూడు వైపుల బీమ్ ముక్కలు, అన్నీ అసలు కొలతల్లో.

మొదట బయటపడింది రాడ్ల గుద్దులాట. 450 ముఖంలో నాలుగు పిల్లర్ రాడ్లున్నాయి. ఆరు బీమ్ రాడ్లని సమానంగా పరిస్తే రెండోదీ ఐదోదీ నేరుగా పిల్లర్ రాడ్డుకి తగులుతున్నాయి. కంప్యూటర్ డ్రాయింగులో గీత మీద గీత వెళ్లిపోతుంది, ఇక్కడ ఇనుముకి ఇనుము అడ్డం. మేస్త్రి ఒక్క నిమిషం చూసి పిల్లర్ రాడ్ల మధ్య ఉన్న మూడు సందుల్లోకి రెండేసి రాడ్లు జరిపాడు. రెండు, రెండు, రెండు. జతలో రాడ్ల మధ్య ఖాళీ 25 మి.మీ. దగ్గర నిలిచింది. డ్రాయింగుని దాని ప్రకారం మార్చాను.

తర్వాతిది రింగులు. ఇది రాయడానికి కాస్త చోటు తీసుకుంటాను, ఎందుకంటే మన ఊళ్లో జాయింట్లలో అన్నిటికంటే ఎక్కువగా లేకుండా పోయేవి ఇవే.

పిల్లర్ రింగులు బీమ్ అడుగు దగ్గర ఆగకూడదు, జాయింటు లోపల కూడా అదే దగ్గరితనంతో కొనసాగాలి. నాలుగు వైపులా పిల్లర్ వెడల్పులో కనీసం ముప్పాతిక వంతు వెడల్పున్న బీమ్‌లు కలిస్తేనే ఆ రింగుల్ని సగానికి తగ్గించే వీలుంది. బయటి పిల్లర్లకి ఆ వెసులుబాటు లేదు. మన పిల్లర్‌కి దూరం హద్దు మూడింటిలో తక్కువది: 100 మి.మీ., పిల్లర్ రాడ్డు 16కి ఆరు రెట్లు 96, చిన్న కొలతలో నాలుగో వంతు 87. రింగు ఇనుము మోతాదు లెక్క కూడా చూసుకుని 75 పెట్టాం, ఎదురెదురు రాడ్లని కలిపే అడ్డ కట్లతో. కొక్కేలన్నీ 135 డిగ్రీలు, చివర కనీసం 65 మి.మీ. లోపలికి. 90 డిగ్రీల కొక్కెం కవర్ రాలగానే విచ్చుకుంటుంది. అప్పుడు రింగు ఉన్నా దేన్నీ పట్టుకోదు.

ఎందుకు లేకుండా పోతాయి? మామూలుగా బీమ్ రాడ్లన్నిటినీ సెంట్రింగ్ పైన ఎత్తుగా రింగులతో సహా కట్టేసి, ఒకేసారి కిందికి దించుతారు. దించాక జాయింటులో రింగు దూర్చడానికి దారి ఉండదు. పైనుంచి వేస్తే పై రాడ్లు అడ్డం, పక్క నుంచి వేస్తే రింగు మూసి ఉంది. బద్ధకం అనడం తేలిక. వరస తప్పయితే ఎంత మంచి పనివాడైనా రింగు వేయలేడు.

నమూనా మీద రకరకాలుగా ప్రయత్నించి చివరికి కుదిరిన వరస ఇది. ముందు బీమ్ కింది రాడ్లు, తోకలు పైకి, పిల్లర్ లోపల. తర్వాత పిల్లర్ రాడ్ల పై కొసల నుంచి జాయింటు రింగులు ఒక్కొక్కటిగా జార్చి, తోకల చుట్టూ దించి, 75 దూరంలో కట్టడం. అడ్డ కట్లు కూడా అప్పుడే. ఆఖరికి పై రాడ్లు, తోకలు రింగుల లోపలికి కిందికి దిగేలా పైనుంచి పెట్టడం. కింది రాడ్ల తోకలు పై రాడ్ల తోకల పక్కన ఆనుకుని ఉంటాయి.

దీనికి ఒక చిక్కు ఉంది. బీమ్ రింగులు మూసి ఉంటే పై రాడ్లు పైనుంచి పెట్టలేం. పిల్లర్ ముఖం నుంచి బీమ్ లోతుకి రెండు రెట్లు దూరం వరకు బీమ్ రింగులని రెండు ముక్కలుగా చేశాం: కింద యూ ఆకారం, దాని రెండు కొసలకీ 135 డిగ్రీల కొక్కేలు, పైన మూతలా ఒక అడ్డ కట్టు. నియమావళి దీన్ని ఒప్పుకుంటుంది. కొక్కేల మధ్య ఖాళీలోంచి రాడ్డు దించి, పక్కకి జరిపి కొక్కెం కిందికి నెట్టాలి. మేస్త్రి దగ్గర ఒడిశా కుర్రాడు దీన్ని పట్టేశాక మిగతావాళ్లకి హిందీలో వాడే నేర్పాడు.

కాంక్రీటుతో

ఇనుము కుదిరితే సరిపోదు, దాని చుట్టూ కాంక్రీటు చేరాలి. నమూనాని పారేయకుండా పోసి చూశాం. పక్కపక్కనే రెండు: ఒకటి మామూలు 20 ఎం.ఎం. కంకరతో, 40 మి.మీ. నీడిల్ వైబ్రేటర్‌తో (కాంక్రీటుని కుదిపి సర్దే గొట్టం). ఇంకొకటి 12 ఎం.ఎం. కంకరతో, 25 నీడిల్‌తో. గట్టిపడ్డాక కటింగ్ వాళ్లని పిలిచి డైమండ్ చక్రంతో నిలువునా కోయించాను.

మొదటి దాంట్లో బయట ముఖాలు నున్నగా, ఏ లోపం లేనట్టున్నాయి. లోపల వంపుల కింద, సరిగ్గా ఏటవాలు దిమ్మె ఆనాల్సిన చోట, కంకర ఇరుక్కుని తేనెపట్టులా బొరియలు. 40 నీడిల్ తోకల మధ్యకి దిగనే లేదు. రెండో దాంట్లో వంపు లోపలి వైపు నిండుగా ఉంది. పై రాడ్ల అడుగున మాత్రం సన్నటి మెత్తని పొర కనిపించింది. పోశాక నీరు పైకి ఊరుతూ రాడ్డు కింద ఆగడం వల్ల అది వస్తుంది. అందుకే పై రాడ్లకి కింది రాడ్ల కంటే పట్టు తక్కువ. అమెరికా వాళ్ల కాంక్రీటు నియమావళి ఏసీఐ 318లో కింద 300 మి.మీ.కి మించి తాజా కాంక్రీటు ఉన్న నేరు రాడ్లకి పొడవు 1.3 రెట్లు పెంచుతారు. మన ఐఎస్ 456 లెక్కలో అలాంటి గుణకం లేదు. నేను చేసిందల్లా నీళ్లు తగ్గించి, అడ్‌మిక్చర్ అనే రసాయనంతో జారుడు తెచ్చి, జాయింటు నిండాక కొంచెం ఆగి స్లాబ్ పోయించడం.

మాస్టారు ఆ కోసిన ముక్క దగ్గర చాలాసేపు నిలబడ్డారు. బయట ఇంత నున్నగా ఉండి లోపల ఇలా ఉంటే ఎవరికి తెలుస్తుంది అన్నారు. మేస్త్రి బదులివ్వలేదు, వంగి బొరియలో వేలు పెట్టి చూశాడు. ఆ ముక్కని సైటు గేటు దగ్గరే ఉంచాం. పక్క సైటుల మేస్త్రిలు వచ్చి చూసి వెళ్తున్నారు, అందులో ఒకాయన యూ రింగు కొలతలు అడిగి రాసుకున్నాడు. హబ్సిగూడలో భూకంపాలు నమోదు చేసే ఎన్‌జీఆర్‌ఐ ఉంది, గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో భూకంప ఇంజనీరింగ్ పరిశోధన కేంద్రం ఉంది. ఇంత చదువు ఉన్న ఊళ్లో రాడ్ బెండర్లకి చూపించడానికి కోసిన జాయింటు ముక్క ప్రతి పెద్ద కాలనీలో ఒకటి ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తోంది.

మొదటి స్లాబ్

పిల్లర్లు బీమ్ అడుగు దాకా పోసి ఆపాం. పై మట్టాన్ని గరుకు చేసి, పొడి పాలపొర గీకి, కడిగాం. బీమ్ రాడ్లు నమూనా వరసలోనే ఎక్కాయి. మొదటి మూల పిల్లర్‌కి పూట పట్టింది. తర్వాతవి వేగంగా సాగాయి. ఒక్క తోక కూడా కింది కాంక్రీటుకి తగల్లేదు. ఇన్ని లెక్కల తర్వాత నాకు కావలసింది అదే.

స్లాబ్ ముందు రోజు ప్రతి బయటి జాయింటుని సెల్ టార్చితో చూశాను: వంపు అవతలి పిల్లర్ రాడ్డుకి ఆనిందా, తోక దిక్కు సరేనా, రింగులు ఎన్ని, కొక్కేలు లోపలికేనా, బీమ్ మొదటి రింగు పిల్లర్ ముఖం నుంచి 50 మి.మీ. లోపు ఉందా, జాయింటులో గానీ దాని పక్కన బీమ్ లోతుకి రెండు రెట్ల దూరంలో గానీ జాయినింగ్ (రెండు రాడ్లని పక్కపక్కన కట్టిన అతుకు) పడిందా. ఒక బీమ్‌లో రాడ్డు పొడవు చాలక జాయినింగ్ పిల్లర్‌కి దగ్గరగా వచ్చింది. అది విప్పించి నడిమికి జరిపించాం. ప్రతి జాయింటుకీ ఫొటో తీసి పిల్లర్ నంబరుతో మాస్టారికి పంపాను. ఇల్లు ఎప్పుడైనా చేతులు మారినా ఆ ఫొటోలు కాగితాలతో పాటు వెళ్లాలని చెప్పాను.

జాయింట్లకి 12 ఎం.ఎం. కంకర మిక్సు వేరే ట్రక్కులో తెప్పించాం. రెడీమిక్స్ వాళ్లు అంత తక్కువ లోడుకి మొదట ఒప్పుకోలేదు. బీమ్‌లకి కూడా అదే వాడతామంటే వచ్చారు. జాయింటు, దాని పక్క బీమ్ ముక్క నిండాకే స్లాబ్ మిక్సు మొదలైంది. షట్టర్లు విప్పాక బయటి జాయింట్లు సుత్తితో తట్టి చూశాం, ఎక్కడా డొల్ల శబ్దం లేదు.

ఇక ముందున్నది

తర్వాతి అంతస్తు పిల్లర్ రాడ్లు లేస్తున్నాయి. వాటి జాయినింగ్ అంతస్తు ఎత్తులో నడిమి సగంలోనే రావాలి. స్లాబ్ మీద నుంచే జాయినింగ్ మొదలుపెట్టడం అలవాటు కాబట్టి ఈసారి రాడ్లు పొడవుగా కోయించాం. అవి పైకి ఊగకుండా వెదురు కట్టారు.

పై కప్పు జాయింట్లు ఇంకా తేలలేదు. అక్కడ పిల్లర్ రాడ్లే ఆగిపోతాయి, వాటికీ వంపు కావాలి, అదే చోట బీమ్ తోకలు కూడా ఉన్నాయి. మెట్ల వైపు ఇంకో చిక్కు: ల్యాండింగ్ బీమ్ పిల్లర్‌ని సగం ఎత్తులో కలుస్తుంది, అక్కడ పిల్లర్ పొట్టిదైపోయి ఎక్కువ బలం తీసుకుంటుంది, ఎత్తు మొత్తం రింగులు దగ్గరగా పెట్టాలి. ఆ ల్యాండింగ్ బీమ్ 230 వెడల్పే, 12 మి.మీ. రాడ్లు నాలుగు. జాయింటు గీత సిద్ధం చేసి మేస్త్రికి ఇచ్చాను. గురువారం రాడ్లు కోస్తాడు, కోసే ముందు మళ్లీ నేల మీద కట్టి చూడాలి.